పిచ్చ: వాడుక తెలుగులో ఒక అతిశయపదం

పిచ్చ అనేది నేటి వాడుక తెలుగులో, ముఖ్యంగా యువతరం సంభాషణలో, ‘చాలా’, ‘విపరీతంగా’ అనే అర్థాల్లో వినిపించే మాట. పిచ్చ ఆకలి, పిచ్చ నిద్ర, పిచ్చ కోపం, పిచ్చ కామెడీ, పిచ్చ క్లారిటీ, పిచ్చ హ్యాపీ, పిచ్చ లైట్, పిచ్చపిచ్చగా నచ్చడం వంటి పలుకుబళ్లు దీనితో ఏర్పడ్డాయి. ‘పిచ్చి’ అనబోయి నోరు తిరగక పలికిన రూపమనీ, సినిమాలు అంటించిన జాడ్యమనీ దీన్ని కొట్టిపారేయడం పెద్దల్లో పరిపాటి. కాస్త నిదానించి చూస్తే సంగతి వేరుగా కనిపిస్తుంది. పిచ్చి, పిచ్చ ఇప్పుడు రెండు వేర్వేరు మాటలు. చివరి అచ్చు మారడంతో రెండోది కొత్త పనిలో చేరింది. ఆ అచ్చు మారిన తీరు కూడా, తెలుగులో అతిశయాన్ని చెప్పే మాటలు కొన్ని వందల ఏళ్లుగా నడిచిన బాటలోనే ఉంది.

రెండూ వేరు మాటలే అనడానికి మొదటి సాక్ష్యం అర్థంలోనే దొరుకుతుంది. ‘పిచ్చి కామెడీ’ అంటే నవ్వు రాని, అర్థం పర్థం లేని హాస్యం. ‘పిచ్చ కామెడీ’ అంటే పొట్ట చెక్కలయ్యే హాస్యం. మొదటి మాట విన్నవాడు టికెట్టు డబ్బులు మిగిలాయనుకుంటాడు, రెండోది విన్నవాడు సాయంత్రం ఆటకు బయల్దేరతాడు. ‘పిచ్చి కోపం’ కారణం లేని కోపం కావచ్చు. ‘పిచ్చ కోపా’నికి మాత్రం కారణం ఉండొచ్చు, లేకపోవచ్చు, అది ఎక్కువన్నదొక్కటే అక్కడ విషయం. ఈ తేడా ఎందుకు అవసరమైందో పిచ్చి అనే మాట బతుకు చూస్తే తెలుస్తుంది. దానికి మతిభ్రమ అన్న అర్థంతోపాటు సమాసాల్లో ‘పనికిరాని’, ‘అడ్డదిడ్డమైన’ అనే అర్థం కూడా గట్టిగా పాతుకుపోయింది. పిచ్చి మొక్క, పిచ్చి గీతలు, పిచ్చి మాటలు, పిచ్చి వేషాలు అన్నింటిలోనూ ఉన్నది చిన్నచూపే. అలాంటి మాటను మార్చకుండా మెచ్చుకోలుకు వాడితే విన్నవాడు తిట్టనుకుంటాడు. చివరి ఇకారం అకారంగా మారడంతో ఆ చిక్కు విడిపోయింది. వెర్రి కూడా మతిభ్రమను చెప్పే మాటే. వెర్రి ఆనందం, వెర్రి అభిమానం అంటాం కానీ ఎక్కడ వాడినా ఆ వెర్రితనం కొంత అంటుకునే ఉంటుంది. వెర్రి నిద్ర, వెర్రి క్లారిటీ అని ఎవరూ అనరు. రూపం మార్చుకోని మాట అర్థాన్నీ పూర్తిగా వదులుకోలేకపోయింది.

వాక్యంలో పిచ్చ నిలబడే చోట్లు కూడా గమనించదగ్గవి. నామవాచకం ముందు నిలుస్తుంది: పిచ్చ ఆకలి, పిచ్చ జనం. గుణాన్ని చెప్పే మాట ముందు నిలుస్తుంది: పిచ్చ హ్యాపీ, పిచ్చ బోరు. నేరుగా క్రియ ముందూ నిలుస్తుంది: పిచ్చ నవ్వుకున్నాం, పిచ్చ తిట్టాడు. పిచ్చి చేత ఈ చివరి పని చేయించాలంటే ‘గా’ చేర్చి పిచ్చిగా అనాలి. పిచ్చకు ఆ ఊతం అక్కర్లేదు, రెట్టించి పిచ్చపిచ్చగా అన్నప్పుడే ‘గా’ వచ్చి చేరుతుంది. అయితే ‘చాలా’ చేసే పనులన్నీ ఇది చేయలేదు. ‘చాలా మంది’ అన్నంత సులువుగా ‘పిచ్చ మంది’ అని నోరు తిరగదు, పిచ్చ జనం అనాల్సిందే. పోలికలోనూ తడబడుతుంది: ‘దానికంటే ఇది చాలా బాగుంది’ అన్నంత నున్నగా ‘దానికంటే ఇది పిచ్చ బాగుంది’ అనలేం. లెక్కకూ పోలికకూ లొంగకపోవడాన్ని లోపంగా చూడనక్కర్లేదు. మాట్లాడేవాడి ఉద్వేగాన్ని మోసుకెళ్లడానికి పుట్టిన మాట తక్కెడ దగ్గర పనికిరాకపోవడం సహజమే. పిచ్చ లైట్ అనే పలుకుబడి చూడండి. ‘అస్సలు పట్టించుకోను’ అని దాని భావం. తేలిక అనే అర్థమున్న మాటకు తీవ్రతను చెప్పే మాట తగిలించినా అందులో వైరుధ్యం ఎవరికీ తోచదు. తోచకపోవడమే పిచ్చలో పాత అర్థం ఎంతగా అరిగిపోయిందో చెబుతుంది.

ఇక అసలు ప్రశ్న: చివరి అచ్చు ‘అ’గానే ఎందుకు మారింది? జవాబు కోసం మన భాషలో అన్నింటికంటే మర్యాదస్తురాలైన అతిశయపదం దగ్గరికే వెళ్లాలి. ‘చాలా’ పాత రూపం ‘చాల’. సరిపోవు అనే అర్థమున్న ‘చాలు’ ధాతువుకు అకారం చేరగా వచ్చిందది. ‘సరిపోయేటంత’ అన్నది మొదటి అర్థం. అది పెరిగి పెరిగి ‘ఎక్కువగా’ అయింది. గ్రంథాల్లో కనిపించే ‘మిగుల’ది కూడా ఇదే పుట్టుక; మిగులు అనే క్రియ దాని తల్లి. ‘తెగ’ మాట తీసుకుందాం. తెగ నచ్చింది, తెగ తిరిగాడు అంటున్నప్పుడు తెగిపోవడం ఎవరికీ గుర్తుకు రాదు కానీ ఆ మాట తెగు ధాతువు బిడ్డే. దీనికి ముచ్చటైన ఆనవాలు ఒకటి మిగిలింది. ఇల్లూ పొలం పూర్తిగా అమ్మేసుకున్నవాణ్ణి ‘తెగనమ్మాడు’ అంటాం. తెగన్ అనే పాత రూపంలోని నకారం అక్కడ అమ్మాడుతో కలిసి బయటపడింది. ఎవరినో గుడ్డిగా విశ్వసించినవాడు కూడా ‘తెగ నమ్మాడు’. చెవికి రెండూ ఒక్కటే, ఫలితం కూడా చాలాసార్లు ఒక్కటే.

ఈ కుటుంబం పెద్దది. కొమ్మలు విరిగేంత కాపు కాస్తే చెట్టు విరగకాసింది అంటాం. అక్కడ విరగడం నిజమైన కొలత, కొమ్మకు నిజంగానే ఆ ప్రమాదం ఉంది. విరగబడి నవ్వారు అన్నప్పుడు విరిగేదేమీ లేదు. పగలబడి నవ్వడంలో పగిలేదీ లేదు. చెడ తిట్టాడు, చావబాదాడు అన్నప్పుడు తిట్టించుకున్నవాడు చెడిపోనూ లేదు, దెబ్బలు తిన్నవాడు చావనూ లేదు. తెగడం, విరగడం, పగలడం, చెడడం, చావడం అన్నీ ఒక వస్తువు తట్టుకోగల హద్దును దాటినప్పుడు జరిగేవి. ‘హద్దు దాటింది’ అనడానికి దాటాక ఏమవుతుందో చెప్పడం తెలుగు పద్ధతి. సినిమా చూసి వచ్చిన కుర్రాడు ‘హీరో ఇరగదీశాడు’ అంటే అది కొత్త యాసగా వినిపిస్తుంది కానీ, విరగలోని వకారం పోవడం తప్ప అందులో కొత్తదనం లేదు. మామిడిచెట్టుకు రైతు వాడిన మాటే హీరోకు అతికింది. మనిషి తట్టుకోగల హద్దు దాటితే ఏమవుతుంది? మతి తప్పుతుంది. పిచ్చ ఈ వరసలో చేరడానికి అర్థం వైపు నుంచి ఏ అడ్డూ లేదు, అడ్డున్నదల్లా చివరి అచ్చు దగ్గరే.

అచ్చు వైపు నుంచి సాక్ష్యం చిన్నయ సూరి చేతనే చెప్పించవచ్చు. 1858 నాటి బాలవ్యాకరణంలో ఒక సంధి ఉంది, బళ్లో చదువుకున్నవాళ్లందరికీ ద్విరుక్తటకారం అనే పేరు గుర్తుండే ఉంటుంది. కడ, తుద, మొదలు, చివర, పగలు, నడుమ లాంటి మాటల్ని రెట్టించినప్పుడు మొదటి మాటలో తొలి అచ్చు తర్వాత ఉన్నదంతా పోయి అకారంతో కూడిన ‘ట్ట’ వస్తుంది. అలా కట్టకడ, తుట్టతుద, మొట్టమొదట, చిట్టచివర, పట్టపగలు, నట్టనడుమ ఏర్పడ్డాయి. వీటన్నింటి పని అతిశయమే. పట్టపగలు అంటే మామూలు పగలు కాదు, ఏ నీడా లేని పగలు. వీటి మొదటి సగం ఆకారం చూడండి: రెండక్షరాలు, నడుమ ద్విత్వం, చివర అకారం. తెలుగు విశేషణాల్లో మనం రోజూ వాడేవి కూడా ఈ అచ్చులోనే పోసినట్టుంటాయి: పెద్ద, చిన్న, కొత్త, ఎర్ర, నల్ల, తెల్ల, ఉత్త. చీకటి ముందు నిలిచే ‘చిమ్మ’ కూడా ఇదే పోత. పిచ్చిలో ద్విత్వం ముందునుంచీ ఉంది, అకారం ఒక్కటే తక్కువ. అది కూడా వచ్చాక పిచ్చ ఈ మాటల మధ్య పరాయిదానిలా కనిపించే అవకాశమే లేదు. పచ్చి, పచ్చ అనే జంట పక్కింట్లోనే ఉందన్నదీ మరవకూడదు. ఆ రెంటి అర్థాలు వేరన్న సంగతి ప్రతి తెలుగు పిల్లకూ తెలుసు. ఒక్క చివరి అచ్చుతో మాటను మార్చడం తెలుగు చెవికి అలవాటున్న విద్యే.

ఈ వాదనకు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. తెగ, విరగ క్రియల నుంచి వచ్చాయి, పిచ్చి నామవాచకం, నామవాచకానికి ఈ అకారం ఎలా వస్తుందన్నది మొదటిది. నిజమే, వ్యాకరణ సూత్రంగా రాదు. కానీ వాడుక సూత్రాలతో కాకుండా పోలికలతో నడుస్తుంది. తన పక్కన నిలిచే మాటలన్నీ అకారంతో ముగుస్తుంటే కొత్తగా వచ్చినది కూడా ఆ వేషమే వేసుకుంటుంది. పైగా, ముందు చెప్పిన విశేషణాల వరసలో క్రియతో పనే లేదు. రెండో అభ్యంతరం ఇంకా పదునైనది: తిట్లలో ‘పిచ్చ’ అకారంతోనే మతిలేని అనే అర్థంలో వినిపిస్తుంది కదా, మరి రెండూ వేరు మాటలని ఎలా అంటారు? ఇక్కడ తర్వాత వచ్చే మాట తీర్పు చెబుతుంది. మనిషిని చెప్పే మాట ముందు పిచ్చ నిలిస్తే పాత అర్థం. గుణం, పని, అనుభవం చెప్పే మాట ముందు నిలిస్తే కొత్త అర్థం. బహుశా ఆ తిట్లలోని రూపమే కొత్త పనికి విత్తనం అయ్యుండవచ్చు. విత్తనం పాతదైనంత మాత్రాన చెట్టు లేదనలేం. మూడోది, అకారంతో ముగియని అతిశయపదాలు బోలెడున్నాయి కదా అన్నది. పచ్చి అబద్ధంలోని పచ్చి, కారుచీకటిలోని కారు, గ్రంథాల్లోని కడు, తెలంగాణలోని మస్తు, ఊరూరా వినిపించే ఫుల్లు ఉన్నమాట వాస్తవం. అన్నీ అకారంతోనే ముగియాలన్నది ఇక్కడి వాదన కాదు. ఇల్లు మారిన సంగతి తెలిసేలా పిచ్చికి ఒక గుర్తు కావాల్సి వచ్చింది, దొరికినవాటిలో బాగా అలవాటైన గుర్తు అకారం. మస్తుకు, ఫుల్లుకు తెలుగులో వదిలించుకోవాల్సిన పాత అర్థం లేదు కాబట్టి వాటికి ఆ అవస్థ రాలేదు.

మస్తు దగ్గర కాసేపు ఆగాలి. పారసీలో మస్త్ అంటే మత్తెక్కిన, తాగి ఉన్న అని అర్థం. దక్కనీ ఉర్దూ మీదుగా తెలంగాణ తెలుగులోకి వచ్చి ‘మస్తు మంది వచ్చిన్రు’, ‘మస్తుగున్నది’ అనే వాడుకలకు చేరింది. కోస్తాలో మతి తప్పడం నుంచి, తెలంగాణలో మత్తెక్కడం నుంచి, వేర్వేరు దారుల్లో బయల్దేరి రెండు మాటలూ ఒకే గమ్యం చేరాయన్నమాట. అయితే చేరాక దక్కిన మర్యాద ఒక్కటి కాదు. మస్తు తెలంగాణలో ముసలమ్మ నోటా పసిపిల్ల నోటా పలుకుతుంది, లెక్కకూ వాడతారు, అక్కడ దాన్ని కుర్రకారు యాస అనేవారు లేరు. కోస్తా కుర్రాడు సరదాకు వాడితే అదే మాట యాస అయిపోతుంది. దీన్నిబట్టి ఒక మాట యాస అవునా కాదా అన్నది మాట తయారీలో ఉండదనీ, ఎవరు ఎవరి ముందు అంటున్నారన్న దానిలో ఉంటుందనీ చెప్పవచ్చు. ఇంగ్లీషువాడి టెరిబ్లీ, ఆఫుల్లీ కూడా భయం నుంచి పుట్టినవే, ఇప్పుడవి టీ బాగుందనడానికి కూడా పనికొస్తున్నాయి.

భాషాభిమానుల ప్రధాన ఫిర్యాదు మరొకటి ఉంది: కటిక దరిద్రం, చిమ్మచీకటి, పచ్చి మోసం, పుట్టెడు దుఃఖం, గంపెడాశ, బండబూతులు అని ఒక్కో మాటకు ఒక్కో తోడును కూర్చిన భాషలో, అన్నిటికీ కలిపి ఒకే పిచ్చను తగిలించడం దారిద్ర్యం కాదా? ఫిర్యాదులో బాధ నిజమైనదే కానీ నేరస్థుడు వేరు. పిచ్చ వాడే కుర్రాడు కూడా పిచ్చ అబద్ధం అనడు, పచ్చి అబద్ధం అనే అంటాడు. చీకటి ముందు పిచ్చను నిలబెట్టడు. పాత జోడీలు ఉన్నచోట్లకు పిచ్చ దాదాపు వెళ్లలేదు. అది ఎక్కువగా స్థిరపడ్డ చోట్లు చూస్తే కామెడీ, క్లారిటీ, కాన్ఫిడెన్స్, క్రేజ్, కిక్, లైట్, బోరు వంటివి వరసగా కనిపిస్తాయి. ఇవన్నీ ఇంగ్లీషు నుంచి ఒంటరిగా వచ్చినవి. దరిద్రానికి కటికను తరాల వాడుక జత చేసింది, క్లారిటీకి జతను చూసిపెట్టే తీరిక ఎవరికీ లేకపోయింది. తోడు లేకుండా వచ్చిన ఈ మాటలన్నిటికీ పనికొచ్చే ఒక ఉమ్మడి తోడు కావాల్సి వచ్చింది, పిచ్చ ఆ ఖాళీలో కుదురుకుంది. ఆ రకంగా చూస్తే అది వచ్చిన ఇంగ్లీషు మాటల్ని తెలుగు వాక్యంలో కూర్చోబెట్టే పని చేస్తోంది. ఆకలి, నిద్ర, కోపం లాంటి తెలుగు మాటల దగ్గర మాత్రం అది పాతవాటితో పోటీ పడుతోందని ఒప్పుకోవాలి.

సినిమాలే ఈ మాటలు పుట్టించాయన్న నమ్మకాన్ని యమ అనే మాటతో సరిచూడవచ్చు. యమ స్పీడు, యమ హుషారు, యమ ఘాటు అన్నప్పుడు మృత్యుదేవత ఉత్త అతిశయపదంగా మారిపోతాడు. 1977లో ఎన్టీ రామారావు నటించిన యమగోల, 1994లో ఎస్వీ కృష్ణారెడ్డి తీసిన యమలీల, 2007లో రాజమౌళి తీసిన యమదొంగ, మూడు పేర్లలోనూ ఒకే చమత్కారం ఉంది. యముడి కథ కాబట్టి యమ, గోలా లీలా దొంగతనమూ మామూలువి కావు కాబట్టి కూడా యమ. ఆ రెండో అర్థం అప్పటికే జనం నోట్లో లేకపోతే 1977లో ఆ పేరు పేలేది కాదు. సినిమా వీధిలో దొరికిన మాటను ఎత్తుకెళ్లి, మైకులో వినిపించి, వీధికి తిరిగి ఇస్తుంది. మైకుకు బలం ఉంది, కాదనలేం. శ్రీకాకుళం కుర్రాడూ చిత్తూరు కుర్రాడూ ఒకే మాట అనడానికి అదే కారణం కావచ్చు. కానీ మాట తయారైంది అక్కడ కాదు.

నైతికమైన అభ్యంతరాన్ని ఇంత సులువుగా తోసిపుచ్చలేం. మానసిక రోగం ఒక బాధ, దాని పేరును నవ్వులాటకు వాడటం తగునా? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగుల హక్కులను, గౌరవాన్ని గుర్తించిన ఈ రోజుల్లో ఈ ప్రశ్నకు విలువ ఉంది. పుట్టెడు దుఃఖం అన్నవాణ్ణి ఎవరూ ఇరవై తూములు కొలిచి చూపమనరు, అలాగే పిచ్చ ఆకలి అన్నవాడు రోగం ఊసు ఎత్తడం లేదని సమాధానం చెప్పుకోవచ్చు. అచ్చు మారి, అర్థం అరిగి, మాట దూరమైపోయిన మేరకు ఆ సమాధానం చెల్లుతుంది. అయితే గాయం తగిలే చోటు మరొకటి ఉంది. హైదరాబాదులో మానసిక వైద్యశాల ఉన్న ఎర్రగడ్డ పేరెత్తి ఎగతాళి చేయడం, మనిషిని పట్టుకుని పిచ్చోడా అనడం, అక్కడ మాట రోగిని నేరుగా తాకుతుంది. అతిశయపదాన్ని నిషేధించి ఆ ఎగతాళిని వదిలేస్తే ముల్లు ఉన్నచోటే ఉంటుంది. పిచ్చకు బూతర్థం కూడా ఒకటి వాడుకలో ఉంది. పెద్దల ముందు ఈ మాట గొంతులోనే ఆగిపోవడానికి, పత్రికలు తెగను రానిచ్చి దీన్ని గుమ్మం బయటే నిలబెట్టడానికి అదీ ఒక కారణం.

అతిశయపదాలకు ఆయువు తక్కువ. మహా ఒకప్పుడు గొప్పతనాన్ని మోసింది, ఇప్పుడు ‘మహా చెప్పొచ్చావులే’ అంటూ వెక్కిరింతలో సగం కాలం గడుపుతోంది. ‘అతి’ అయితే ఏకంగా నేరం పేరయింది, ‘అతి చేయకు’ అంటే తెలియనివాడు లేడు. ఎక్కువ అనడం అరిగిపోయాక భాష కొన్నిసార్లు కాదనడం వైపు తిరుగుతుంది. ‘సినిమా మామూలుగా లేదు’ అనే నేటి మెచ్చుకోలు అలాంటిదే (మామూలు అనే మాటకు ఆఫీసుల్లో ఉన్న మరో అర్థాన్ని ఇక్కడ కలపకూడదు). పిచ్చ అరుగుదల కూడా మొదలైంది. పలికేటప్పుడు చకారాన్ని మరింత ఒత్తడం, రెట్టించి పిచ్చపిచ్చగా అనడం, ఒక్కసారి అంటే చాలని రోజులు వచ్చేశాయనడానికి గుర్తులు. ఆ ఖాళీలోకి వచ్చే మాట ఇప్పటికే వీధిలో తిరుగుతోంది. ఊరకుక్క, ఊరపిచ్చుక అన్నప్పుడు ఊరిని చెప్పే ‘ఊర’, ఊర మాస్, ఊర నాటు అనే దగ్గర మొదలై ఊర కామెడీ దాకా వచ్చింది. ఆ చివరి మాటలో ఊరూ లేదు, పల్లెటూరితనమూ లేదు, ‘చాలా’ అన్నదొక్కటే ఉంది. దాని చివర కూడా ఉన్నది అకారమే.